వెండి పడిగ కోసం ఆగిన తీర్పు

ఒకానొక రాజ్యంలో ఆలోచించడం నేరమేమీ కాదు. రాజుగారి ఎదుట ఆలోచిస్తే మాత్రం రాజద్రోహం. ఆ రాజు పేరు ఉద్దండవర్మ. "చురుకైన రాజు, సుఖమైన ప్రజ" అని సభామంటపంలో ప్రతి స్తంభం మీదా చెక్కించుకున్నాడు. సుఖంగా ఉన్నారా అని ప్రజల్ని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళ జవాబు చెక్కడానికి స్తంభాలు మిగల్లేదు.

ఆయన తాంబూలం నములుతూ ఫిర్యాదు వినేవాడు, నములుతూనే శిక్ష చెప్పేవాడు, ఆపైన తమ్మను వెండి పడిగలో ఉమ్మేవాడు. ఉమ్మితే తీర్పు ఖాయం. ఉమ్మేలోపు మార్చుకోవచ్చు గానీ, ఆ అవసరం ఆయనకెన్నడూ కలగలేదు.

ఒకనాడు మావటి ఓబయ్యను కట్టి తెచ్చారు.

"ప్రభూ, పొద్దున ఊరేగింపులో వీడు పట్టపుటేనుగును కోటవీధి మలుపులో హఠాత్తుగా ఆపేశాడు. తమరి కిరీటం జారి మట్టిలో పడింది. జనం నవ్వారు" అన్నాడు మంత్రి నరహరి.

"ఎంతమంది?"

"అందరూ, ప్రభూ."

ఇంకేం విచారణ కావాలి? "అంకుశం పట్టిన చెయ్యి నరకండి!" అని రాజు పడిగ కోసం మెడ తిప్పాడు.

విదూషకుడు గుండన, ఓబయ్య కుడిచేతిని చూశాడు. నవ్వించడం అతని ఉద్యోగం. కానీ ఆ కొలువులో అతనికి నవ్వుకన్నా కోపమే ఎక్కువగా వచ్చేది. గబుక్కున లేచి, పరిచారకుడి చేతిలోని పడిగ లాక్కుని మంటపం చివరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఊఁ!" అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ. మెరుగు తగ్గింది, తుడిచి తెస్తాను."

రాజు బుగ్గలు ఉబ్బాయి. నేల మీద ఉమ్ముదామంటే, సభలో ఉమ్మినవాడి నాలుక కోయాలని శాసనం. అదీ తాంబూలం నములుతూ చేసిందే. మింగుదామంటే వక్కా సున్నమూ గొంతు పట్టేస్తాయి. భటులా, రాజు నోటితో ఆజ్ఞాపిస్తే తప్ప కదలరు. అదీ శాసనమే.

ఏలేవారి నోరు నిండినప్పుడే సామాన్యుడికి మాట్లాడే వీలు దొరుకుతుంది. గుండన పడిగ తుడుస్తూ అడిగాడు.

"ఓబయ్యా, ఏనుగునెందుకు ఆపావు?"

"నేల గుల్లగా ఉందయ్యా. ఏనుగు కాలు పెట్టబోయి వెనక్కి తీసింది. ఆలోచించే వ్యవధెక్కడిది? అంకుశం వేసి లాగేశా. ఇంకో అడుగు పడితే ఏనుగూ, నేనూ, దొరవారూ అందరం గుంతలోనే."

"గుంతా? అబద్ధం! అక్కడ చక్కటి ముగ్గు ఉంది" అన్నాడు మంత్రి.

"అయితే మంత్రిగారూ, కోటవీధి ఎంతో దూరం లేదు. అందరం వెళదాం. తమరు ఆ ముగ్గు మీద ఒక్కసారి నిలబడండి చాలు."

మంత్రి కదల్లేదు. నుదుట చెమట మాత్రం కదిలింది.

"నిలబడరేం?"

"ఊరేగింపుకు ఒక్క రోజే గడువుండగా వీధి కింది కాలువ కప్పు కూలింది. పూడ్చే వ్యవధి లేక తడికలు పరిపించి ఇసుక పోయించా..." అని నసిగాడు మంత్రి.

రాజు కళ్ళు పెద్దవయ్యాయి. నోరు మూసుకుని ఆయన విన్న మొదటి విచారణ అది.

"ప్రభూ, ఓబయ్య చెయ్యి ఓబయ్యకే ఉంచినట్టేనా? తల ఊపండి చాలు."

రాజు కిరీటం మళ్ళీ జారేంతగా తల ఊపాడు. అప్పుడు పడిగ వచ్చింది. ఉమ్మి, ఊపిరి పీల్చుకుని గర్జించాడు:

"నిండు సభలో నా నోరే మూయిస్తావా?"

"మూసింది తాంబూలం, ప్రభూ. నేను తెరవనివ్వలేదంతే."

రాజు ఇంకో తాంబూలం నోట్లో కుక్కుకున్నాడు. "అయితే ఆ మంత్రి చేతులు రెండూ నరకండి!"

గుండన పడిగ ఎత్తుకుని మళ్ళీ మంటపం చివరికి నడిచాడు.

రాజు గుండనను చూశాడు, పడిగను చూశాడు. ఉన్నట్టుండి ఫక్కున నవ్వాడు. ముందు వరుసలోని పండితుల తెల్ల పంచెలన్నీ ఎర్రబడ్డాయి.

"గుండనా! మంత్రి స్వయంగా మట్టి మోసి ఆ గుంత పూడుస్తాడు. నీకేం కావాలో కోరుకో!"

"ఈ పడిగ మోసే ఉద్యోగం చాలు, ప్రభూ."

ఆనాటి నుంచి ఆ రాజ్యంలో తీర్పులు బాగా ఆలస్యమయ్యాయని పండితులు వాపోతూ గ్రంథాలు రాశారు. ప్రజలు వాటిని చదివారు, రెండు చేతులతో పట్టుకుని.