పారమ్మ దిద్దిన ప్రూఫు

“నాయుడుగారి బాధ్యత పారమ్మక్క ఒక్కతెది కాదు, మండలిది. నెలకు రెండు ఆదివారాలు ఆయన మంచం పక్కన మండలి సభ్యులు ఉంటారు. ఆ రెండు రోజులూ అక్క విశ్రాంతి తీసుకుంటుంది.”

ఆమదాలవలస స్టేషను రోడ్డులో ఉన్న మా అధ్యయన మండలి ఆరేళ్ల కిందట చేసిన తీర్మానం ఇది. మండలిని పెట్టి, మాలాంటి పాతికమందికి చదవడమూ ప్రశ్నించడమూ నేర్పిన దాలినాయుడుగారికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజున పిడికిళ్లెత్తి ఏకగ్రీవంగా ఆమోదించాం. మొదటి నెల ఇద్దరు వెళ్లారు. రెండో నెల ఒకరు వెళ్లి, టీ తాగి వచ్చారు. మూడో నెల ఎన్నికలు వచ్చాయి, ప్రజలకు మా అవసరం పడింది. ఆ తర్వాత ఎవరూ వెళ్లలేదు. తీర్మానాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. అది ఇప్పటికీ మినిట్సు పుస్తకంలో భద్రంగా ఉంది.

పారమ్మ నాయుడుగారికి అక్క. భర్త పోయాక తమ్ముడి దగ్గరకు వచ్చి ఉంటున్న మనిషి. ఈ ఆరేళ్లూ ఆయన్ని కూర్చోబెట్టిందీ, కడిగిందీ, తినిపించిందీ ఆమే. ఈ నవంబరులో జరిగే వార్షిక సభలో ఆమెను సన్మానించాలని మండలి నిర్ణయించింది. సన్మాన పత్రం రాసే పని కార్యదర్శి హేమసుందర్‌కు అప్పగించాం. శ్రమ, త్యాగం, విముక్తి వంటి మాటలు అతని నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. అతనికి రాత నేర్పినవారు లింగమూర్తి మాస్టారు. కాలితో తొక్కే ఇనప ట్రెడిలు మిషను మీద శుభలేఖలూ కరపత్రాలూ అచ్చు వేసుకుంటూ, మా రాతల్ని దిద్దుతూ బతికే పెద్దమనిషి. మాస్టారికి ఒక అలవాటు ఉంది. సన్మాన పత్రం ఎవరి గురించి రాస్తే, ప్రూఫు వాళ్లకే చదివి వినిపించాలి. వాళ్లు సరేననేదాకా ఆయన మిషను తొక్కరు. ఈ అలవాటు వల్ల కొందరు పెద్దలు వేరే ప్రెస్సుకు వెళ్లిపోయారు కూడా.

ఆ మధ్యాహ్నం ప్రెస్సులో హేమసుందర్ ఆయన్ని అడిగాడు: “మాస్టారూ, మన కోసం అరిగిపోయిన మనిషికి సరిపోయే మాట ఏది? త్యాగమూర్తి అంటే చిన్నదైపోతోంది. దేవత అంటే పాతబడింది. ఇంతకంటే పెద్ద మాట ఉందా?” మాస్టారు తల ఎత్తలేదు. చివరి వరుస పేర్చడం పూర్తి చేసి, ఒక ప్రూఫు తీసి, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, “చెప్పులేసుకో” అన్నారు. సన్మాన సంఘంలో నేనూ ఉన్నాను కాబట్టి వాళ్ల వెంట వెళ్లాను.

మేం వెళ్లేసరికి మూడు కావస్తోంది. పారమ్మ తమ్ముడి వీపు వెనక దిండ్లు పేర్చి చోడి అంబలి తాగిస్తోంది. ఆమె కుడి కన్ను గంజి తేరినట్టు తెల్లగా ఉంది. ఎడమ కన్ను చిట్లించి మావైపు చూసింది గాని, ఎవరో పోల్చుకోలేకపోయింది. మాస్టారి గొంతును వెంటనే గుర్తుపట్టింది. హేమసుందర్ తన పేరు చెబితే, గొంతు మారిపోయిందనీ, మీసాలు వచ్చేసి ఉంటాయనీ అంది. నేను నా పేరు చెప్పాను. “ఓలమ్మ, నువ్వా. టీ తాగీసి ఎల్లినోడివి” అంది. నాయుడుగారి ముఖంలో బతికి ఉన్న కుడి సగం నవ్వింది.

మాస్టారు విషయం చెప్పారు. ఆమె కాస్త సిగ్గుపడి, చదవమంది. హేమసుందర్ సభలో చదివినట్టే లేచి నిలబడి మొదలుపెట్టాడు. ‘అలుపెరుగని అమ్మతనానికి’ అన్న మొదటి వరుస దగ్గరే ఆమె చెంచా ఆపింది.

“అలుపు లేదని ఎవులు సెప్పినారు బాబూ? రోజూ మూడింటికి వస్తాది. ఇప్పుడే వచ్చింది, మీతోపాటే.”

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి ఆ మాట కొట్టేశారు. హేమసుందర్ ఆయనవైపు చూసి, తర్వాతి వరుసకు వెళ్లాడు. చెదరని చిరునవ్వుతో సేవ చేసిందని అందులో ఉంది. పారమ్మ ఒప్పుకోలేదు. ఒక రోజు నాలుగుసార్లు దుప్పటి మార్చాక, అయిదోసారి కూడా తడిపితే తువ్వాలు పెట్టి తమ్ముణ్ణి కొట్టానని చెప్పింది. కావాలంటే తమ్ముణ్ణే అడగమంది. నాయుడుగారు కదిలే చెయ్యి దుప్పటి మీంచి ఎత్తి, ఒక వేలు చూపించారు. కాసేపు ఆలోచించి, రెండో వేలు కూడా తెరిచారు. ఆమె ఆ చేతిని దగ్గరగా వంగి చూసి, “రెండుపాలా? సర్లే, రెండే” అని, ఆ చేతిని మళ్లీ దుప్పట్లో పెట్టింది. మాస్టారి పెన్సిలు కింద చిరునవ్వు కూడా పోయింది.

‘ప్రతిఫలాపేక్ష లేకుండా’ అన్నది ఆమెకు అర్థం కాలేదు. ఏమీ ఆశించకుండా అని అర్థమంటూ హేమసుందర్ విడమరిచాడు.  ఆమె నాయుడుగారి గడ్డం మీద కారిన అంబలి తుడిచి, గిన్నె కింద పెట్టింది.

“ఆశ పడ్డాను బాబూ. ఏడాదిపాటు ఆదివారం ఆదివారం వాకిలికేసి సూసీదాన్ని. ఉతికిన సీర కట్టుకోని కూసునీదాన్ని.”

హేమసుందర్ అక్కడితో చదవడం ఆపేశాడు. చివరి వరుస మాస్టారే చదివారు. ‘మానవ రూపంలో మన మధ్య తిరుగుతున్న దేవతకు’ అని ఉంది. పారమ్మ నవ్వింది. కోపంతో కాదు, పిల్లలు తప్పు లెక్క చేసి తెచ్చినప్పుడు పెద్దవాళ్లు నవ్వినట్టు.

“దేవతకి కళ్లాపరేషను అక్కర్లేదు. నాకు కావాల.”

తర్వాత ఆమె చెప్పినదంతా తాపీగానే చెప్పింది. కంటి శిబిరంవాళ్లు ఏడాదికి ఒకసారి మన ఊరు వస్తారు. రెండేళ్ల కిందట ఆపరేషనుకు రమ్మని చీటీ ఇచ్చారు, వెళ్లలేకపోయింది. నిరుడూ ఇచ్చారు, వెళ్లలేకపోయింది. కుడి కంటికి ఇక చూపు రాదన్నారు. ఎడమ కంటికి ఈ నెల ఇరవై నాలుగున చేస్తామన్నారు. ఈసారి కూడా తప్పితే ఆ తర్వాత తాము చేయగలిగిందేమీ ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. తను వస్తుందో రాదో ఇరవయ్యో తేదీలోగా వాళ్లకు తెలపాలి. ఆపరేషను అయ్యాక పది రోజులు వంగకూడదు, బరువు ఎత్తకూడదు. నాయుడుగారినేమో రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చకపోతే వీపు పుండు పడుతుంది. ఒకసారి పడింది, మానడానికి నాలుగు నెలలు పట్టింది.

మంచం మీంచి నాయుడుగారు ఏదో అన్నారు. ఆయనకు మిగిలిన నాలుగైదు మాటల్లో అదొకటి. “ఎల్లు” అన్నారు. మళ్లీ “ఎల్లు, ఎల్లు” అన్నారు. గంటలకొద్దీ ప్రసంగించిన ఆ నోరు ఆ ఒక్క మాటకు వంకర్లు పోవడం చూశాను.

“ఎల్తే నిన్నెవులు తిప్పుతారు? నీ మండలోళ్లా?” అంది పారమ్మ. అని, మూడు దాటిందంటూ ఆయన భుజం కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసింది. చూపు అవసరం లేని పనిలా ఒక్క ఊపున తిప్పేసింది. సాయం చేద్దామని హేమసుందర్ ముందుకు వెళ్లాడు గాని, ఎక్కడ పట్టుకోవాలో తెలియక చేతులు అలాగే గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు. “అడ్డం తగులుతావు, జరుగు బాబూ” అందామె.

 ప్రెస్సుకు వచ్చాక హేమసుందర్ ఉండబట్టలేకపోయాడు. నిజాలన్నీ నిజాలే కావచ్చు, కానీ సభలో చదవడానికి ఏం మిగిలిందని అడిగాడు. పేరు, తమ్ముడి పేరు, ఆరేళ్లు, ఇంతేగా అన్నాడు.  మాస్టారు, కొట్టేసిన మాటల సీసపు అక్షరాల్ని ఒక్కొక్కటే ఊడదీసి, దేని గడిలో దాన్ని వేశారు. అలుపెరుగని అన్న మాట విప్పడానికే చాలాసేపు పట్టింది. ఖాళీ అయిన చోట ఇరవై నాలుగు నుంచి పది తేదీలు వరసగా పేర్చి, ప్రతి తేదీ పక్కన ఒక పేరు రాసుకునేంత ఖాళీ గీత పెట్టారు. చుట్టూ పూల అంచు మాత్రం తీయలేదు. సాయంత్రం మళ్లీ ఒక్కరే వెళ్లి ఆ ప్రూఫు పారమ్మకు వినిపించి వచ్చారు. వచ్చాక నూరు ప్రతులు తొక్కారు.

పదహారో తేదీ ఆదివారం సభ జరిగింది. వేదిక మీద పారమ్మ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె రాలేదని అధ్యక్షుడు నొచ్చుకున్నాడు. ఆమె వస్తే నాయుడుగారి దగ్గర ఎవరుంటారన్నది సన్మాన సంఘంలో ఎవరికీ తట్టలేదు, నాతో సహా. శాలువాను కుర్చీ వీపుకు కప్పి కార్యక్రమం నడిపించాం. పత్రాలు పంచగానే జనం వెనక్కి తిప్పి చూడసాగారు. అధ్యక్షుడు మైకులోనే, ఇది అచ్చుతప్పా మాస్టారూ అని అడిగాడు. ముందు వరుసలో కొందరు నవ్వారు.

హేమసుందర్ లేచాడు. అతని జేబులో నాలుగు పేజీల ప్రసంగం ఉందని నాకు తెలుసు. అది తీయలేదు. ఆరేళ్ల కిందటి తీర్మానం చదివాడు, మేం ఎన్ని ఆదివారాలు వెళ్లామో చెప్పాడు, పారమ్మ కన్ను గురించి చెప్పాడు. చెప్పి, కలం తీసి తన ప్రతిలో మొదటి తేదీ పక్కన పేరు రాసి, పైకెత్తి చూపించాడు. హాలంతా చప్పట్లతో మారుమోగింది. పక్కపక్కన కూర్చున్నవాళ్లు కలాల కోసం తడుముకున్నారు. ఒకరిద్దరు పిడికిళ్లు కూడా ఎత్తారు.

మాస్టారు చప్పట్లు ఆగేదాకా కూర్చుని, తర్వాత లేచి అతని చేతిలోని కాగితం తీసుకుని మడిచారు.

“ఇక్కడ రాస్తే చెల్లదు నాయనా. వెళ్లి నాయుడుగారిని ఒకసారి పక్క మార్చు. అది చూసి ఆమె సరేనంటే, అక్కడ రాయి. ఎవరైనా అంతే. నాకు మీ జవాబు నవంబరు ఇరవై, సాయంత్రం అయిదు లోపల అందాలి.”