వీరభద్రం చూపించిన పచ్చాకు

అనగనగా ఒక అడవిలో, చలికాలం వచ్చిందంటే ప్రతివాళ్లూ వైద్యులైపోయే ఒక అడవిలో, వీరభద్రం అనే ఎలుగుబంటి ఉండేవాడు. పేరుకు తగ్గ వీరుడే. తేనెపట్టు కనిపిస్తే చాలు, చెట్టెక్కి మూతి పెట్టేసేవాడు. తేనెటీగలు ముక్కు మీదా పెదాల మీదా ఎడాపెడా కుట్టేవి. మూతి బూరెలా వాచేది. ఆ మూతి వేసుకొని అడవంతా తిరుగుతూ, "చూశారా, నాకు చీమ కుట్టినట్టయినా లేదు!" అని చెప్పుకొనేవాడు. అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఆ అడవికి ఏటా పొగమంచుతో పాటు ఒక జబ్బు వచ్చేది. దాన్ని మంచుదగ్గు అనేవారు. ముందు ముక్కు కారేది. తర్వాత దగ్గు పట్టుకొనేది. ఆ తర్వాత ఊపిరి అందేది కాదు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు ఎలాగో గట్టెక్కేవాళ్లు. ముసలివాళ్లకీ పసికూనలకీ మాత్రం గండమే. కిందటేడు లేడి వాళ్ల పిల్ల ఒకటి ఆ దగ్గుతోనే పోయింది పాపం.

అందుకని సూరమ్మ అనే ముసలి ముళ్లపంది ఒక మందు తయారు చేసింది. చలి ముదరక ముందే అందరినీ పిలిచి, తన ముల్లు ఒకటి ఆ మందులో ముంచి, భుజం మీద చిన్న పోటు పొడిచేది. అదే టీకా. ఒకరికి వాడిన ముల్లు ఇంకొకరికి వాడేది కాదు. ఆవిడకు ముళ్లకేం తక్కువ?

పరీక్ష చేసేదీ ఆవిడే. ముక్కులో పిట్ట ఈక పెట్టి తిప్పి, ఆ ఈకను ఒక ఆకు మీద రాసేది. జబ్బు లేకపోతే ఆకు పచ్చగానే ఉండేది. ఉంటే ఎర్రబడేది. ఇంతే పని. అయినా దీన్ని తప్పించుకోవడానికి అడవిలో ఎన్ని తెలివితేటలు ఖర్చయ్యాయో చెప్పలేం.

ఇదిలా ఉండగా, వీరభద్రం చెల్లెలు సీతాలుకు ఒక కూన పుట్టింది. ఎలుగుబంట్లలో ఒక ఆచారం ఉంది. కూన కళ్లు తెరిచిన రోజున మేనమామ వచ్చి, దాన్ని ఒళ్లో వేసుకొని, ముందు తాను తేనె చప్పరించి, ఆ నాలుకతోనే కూనకు తొలి తేనె నాకించాలి. దాన్ని తేనెపూట అంటారు. తేనె నాకించిన మేనమామకే ఆ కూన మీద జీవితాంతం చనువు. వీరభద్రానికి ఆ రోజు కోసం కాలు ఒకచోట నిలవడం లేదు. మంచి పుట్టతేనె పట్టు కూడా చూసి పెట్టుకొన్నాడు.

సూరమ్మ ముల్లు పట్టుకొని వచ్చింది.

"నాయనా వీరభద్రం, ఆ పసిదానికి ఇప్పుడే ముల్లు వేయకూడదు. చుట్టూ ఉన్నవాళ్లం వేయించుకోవాలి. అదే దానికి కాపలా. ఏదీ, భుజం ఇలా పెట్టు."

వీరభద్రం ముల్లు వంక చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ వీరుడు కదా, భయం అంటే బాగుండదు.

"నా బొచ్చు చూశావా అత్తా? ఇందులోంచి చలే దూరదు. జబ్బెలా దూరుతుంది?" అన్నాడు.

"జబ్బు బొచ్చులోంచి రాదురా. ముక్కులోంచి వస్తుంది."

"ఈ ముక్కులోంచా? తేనెటీగలకే లొంగని ముక్కిది!"

"అన్ని ముళ్లు తిన్నవాడివి, నా ఒక్క ముల్లు నిన్నేం చేస్తుందిరా?" అంది సూరమ్మ. వీరభద్రానికి ఉన్నట్టుండి అర్జెంటు పని గుర్తొచ్చింది. వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు సూరమ్మ మళ్లీ వచ్చింది. "ఇవాళ వేయించుకొంటేనే తేనెపూట నాటికి మందు ఒంటబడుతుంది. ఆఖర్న వస్తే లాభం లేదు," అంది.

ఈసారి వీరభద్రం దగ్గర గొప్ప ఆధారం ఉంది. అడవిలో వార్తలు మోసే గోరింక చెప్పిన వార్త.

"ఆ ముల్లు గుచ్చుకొంటే బొచ్చంతా రాలిపోతుందట కదా!"

"ఎవరికి రాలింది?"

"అవతలి కొండ మీద ఎవరికో. గోరింక వాళ్ల పిన్నికి తెలిసినవాళ్లు చూశారట."

ఇంత గట్టి సాక్ష్యం విన్నాక సూరమ్మ మాత్రం ఏం మాట్లాడుతుంది? తల అడ్డంగా ఊపుకొంటూ కుందేళ్ల బొరియ వైపు నడిచింది. కుందేళ్లు వరసలో నిలబడ్డాయి. గజగజా వణుకుతూనే వేయించుకొన్నాయి. భయపడ్డం వాటి వంశాచారం, పాపం వాటికి వీరత్వం తెలియదు.

చలి ముదిరింది. ఒక పొద్దున వీరభద్రానికి ముక్కు కారింది. మర్నాడు దగ్గు మొదలైంది. "తేనె పొలమారింది," అన్నాడు. ఆ మర్నాడు ఒళ్లు వెచ్చబడింది. "ఎండ దెబ్బ," అన్నాడు. పుష్యమాసంలో, సూర్యుడు కనిపించని మంచులో, ఎండ దెబ్బ!

సరిగ్గా అప్పుడే కూన కళ్లు తెరిచిందని కబురొచ్చింది. దాంతో పాటు సీతాలు మాట కూడా వచ్చింది. "అన్నయ్యా, ఆకు పరీక్ష చేయించుకొని, పచ్చాకు తెచ్చి చూపించు. ఎర్రబడితే కంగారుపడకు. తగ్గాకే చేసుకొందాం తేనెపూట."

వీరభద్రం సూరమ్మ ఇంటిదాకా వెళ్లాడు. బయట చెట్టు చాటున నిలబడ్డాడు. లోపల ఆవిడ ఎవరి ముక్కులోనో ఈక తిప్పుతోంది. వాడు హాచ్చిమని తుమ్మాడు. వీరభద్రం తన ముక్కు తడుముకొన్నాడు. ఆకు ఎర్రబడితే? తేనెపూట వాయిదా పడుతుంది. టీకా వేయించుకోలేదని అందరికీ తెలుస్తుంది. వీరుడు ఈకకు దొరికిపోయాడని గోరింక అడవంతా చెబుతుంది.

పక్కనే చెట్టుంది. చెట్టుకు ఆకులున్నాయి. అన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

వీరభద్రం ఒక ఆకు తుంచాడు.

సీతాలు ఆ ఆకును చూసి మురిసిపోయింది. కూనను తెచ్చి అన్న ఒళ్లో పెట్టింది. అది గుప్పెడంత ఉంది. వెచ్చగా, మెత్తగా, అప్పుడే తెరిచిన కళ్లతో మామనే చూసింది. వీరభద్రం దగ్గు ఆపుకొంటూ తేనె చప్పరించాడు. మూతి దగ్గర మూతి పెట్టి నాకించాడు. కూన చప్పరించింది. మామ ముక్కును కూడా తేనె అనుకొని నాకింది. వీరభద్రానికి కళ్లు చెమర్చాయి. ఆ ఆనందంలో దగ్గు ఆగలేదు. కూన మొహం మీదే దగ్గాడు.

కొన్నాళ్లు తిరగకుండానే కూన పాలు తాగడం మానేసింది. దాని డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. వీరభద్రం కూడా దగ్గుతో కూలబడ్డాడు. అయినా పాక్కుంటూ చెల్లెలి గుహ దాకా వచ్చాడు. దగ్గుతున్నాడని సూరమ్మ లోపలికి రానివ్వలేదు. బయటే కూర్చొని కూన ఊపిరి చప్పుడు విన్నాడు. గీ... గీ... అని ఈల వేసినట్టు వస్తోంది. మధ్యమధ్య ఆగిపోతోంది. అది ఆగినప్పుడల్లా ఇతనికీ ఊపిరి ఆగుతోంది.

లోపల సూరమ్మ అడుగుతోంది. "దీని దగ్గరికి ఎవరొచ్చారమ్మా? ఆకు ఎర్రబడ్డవాళ్లెవరు?"

"ఎవరూ రాలేదత్తా. అన్నయ్య ఒక్కడే వచ్చాడు. ఆకు చూపించాకే ఎత్తుకొన్నాడు. పచ్చగా ఉంది, నేను చూశాను."

తేనెటీగలన్నీ ఒకేసారి కుట్టినా వీరభద్రానికి అంత మంట పుట్టి ఉండదు. గుహ ముఖం దగ్గరికి జరిగి, "అది పరీక్ష ఆకు కాదు సీతాలూ. చెట్టు ఆకు," అన్నాడు.

సీతాలు తిట్టలేదు. కొట్టలేదు. కూనను గుండెకు హత్తుకొని, అటు తిరిగి కూర్చొంది.

సూరమ్మ కషాయాలు పట్టింది. ఆవిరి పట్టింది. పగలూ రాత్రీ పక్కనే ఉంది. కూన బతికింది. కానీ ఆ ఏడాదంతా నాలుగడుగులు పరుగెడితే చాలు ఆయాసం వచ్చేది. తోటి కూనలు చెట్టెక్కుతుంటే ఇది కింద కూర్చొని చూసేది.

వీరభద్రం తన మీది కోపమంతా తీసుకెళ్లి గోరింక మీద చూపించాడు. "నీ మాట విని ముల్లు వేయించుకోలేదు, తెలుసా!"

గోరింక ఆశ్చర్యపోయింది. "అయ్యో, నేను మొదటిరోజే వేయించుకొన్నానే! నేను నీకు వార్త చెప్పాను గానీ సలహా చెప్పానా?" అని, రెక్క ఎత్తి టీకా మచ్చ చూపించి ఎగిరిపోయింది.

మళ్లీ చలి మొదలైంది. సూరమ్మ ఇంకా మందు కలపక ముందే గుమ్మం ముందు వీరభద్రం కూర్చొని ఉన్నాడు. మందు సిద్ధమయ్యాక కళ్లు మూసుకొని భుజం పెట్టాడు.

"ఇక లేవచ్చు," అంది సూరమ్మ.

"పొడువు అత్తా, కూర్చొనే ఉన్నాను."

"ఎప్పుడో పొడిచాను."

వీరభద్రం కళ్లు తెరిచాడు. భుజం చూసుకొన్నాడు. అంతటి ఎలుగుబంటి బావురుమని ఏడ్చాడు.

"ఏరా, అంత నొప్పి పుట్టిందా?"

"నొప్పి లేదత్తా," అన్నాడు. "అందుకే ఏడుస్తున్నాను."

చలి మధ్యలో ఒకసారి గొంతు గరగరలాడింది. వెంటనే వెళ్లి పరీక్ష చేయించుకొన్నాడు. ఆకు పచ్చగానే ఉంది. నిజమైన పచ్చాకు. దాన్ని పట్టుకొని చెల్లెలి గుహకు వెళ్లాడు. సీతాలు ఆ ఆకు వంక చూడనైనా చూడలేదు.

"సూరమ్మత్తను ఇక్కడికే పిలుచుకొద్దాం అన్నయ్యా. నా కళ్ల ముందు ఇంకోసారి చేయించుకో," అంది.

వీరభద్రం సరేనన్నాడు. గుహ బయట కూర్చొని, ముక్కు పైకెత్తి, సూరమ్మ కోసం ఎదురుచూశాడు. తల్లి వెనకాల నుంచి కూన తొంగి చూస్తోంది. మామ దగ్గరికి మాత్రం రాలేదు.

నీతి: చలికాలపు జబ్బులకు ముందే టీకా వేయించుకో, దగ్గు వస్తే పరీక్ష చేయించుకొన్నాకే నలుగురిలోకి వెళ్లు, నువ్వు తప్పించుకొన్న చిన్న పోటు ఇంకా టీకా వేయడానికి వీల్లేని పసిప్రాణానికి తగులుతుంది.