సుంకులవ్వ పెంకు

ఎప్పటి మాట అని అడగొద్దు. మా ఊరి కొండ ఇప్పటికంటే నాలుగు నిలువులు ఎత్తుగా ఉన్న రోజులు. అంతకంటే నాకు తెలీదు. కొండ నుంచి బండలు తీసేవాళ్లు, తీసిన బండల్ని నునుపు చేసేవాళ్లు, వాటిని ఎద్దుల బండ్ల మీద తోలేవాళ్లు తప్ప ఊళ్లో ఇంకెవరూ లేరు. నునుపు చేసేవాళ్లలో సుంకులవ్వ ఒకతె.

అవ్వకి నా అన్నవాళ్లు లేరు. ఒక గుడిసె, ఒక నీళ్లకుండ, ఒక కుండపెంకు. గుడిసె దొరది, పని చేసినన్నాళ్లే ఆమెది. పెంకు మాత్రం సొంతం. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, అంచులు అరిగి గుండ్రంగా.

ఆమె ఏం చేసేదో చెబుతా వినండి. బండ మీద ఇసుక చల్లేది, నీళ్లు చిలకరించేది, చేతిరాయితో రుద్దేది. మళ్లీ ఇసుక, మళ్లీ నీళ్లు, మళ్లీ రుద్దడం. ఆఖరికి బండ కడిగి, ఆరబెట్టి, ఈ కొసన కూర్చుని పెంకుని వేలితో తోసేది. పెంకు సర్రున జారేది. అవ్వ చెవి వంచి వినేది. పెంకు ఆ కొస దాటి కింద పడితే తల ఊపేది. మధ్యలో ఎక్కడైనా ఆగితే మొహం ముడుచుకుని, ఆగిన చోట మళ్లీ ఇసుక చల్లేది.

అది ఆటా? పనా? నన్నడగొద్దు.

పిల్లలకి మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆటే అనుకున్నారు. తలా ఒక పెంకు ఏరుకొచ్చి బండ చుట్టూ మూగారు. ఒక్కొక్కరు మూడుసార్లు తోయాలి. అంచుకి ఎంత దగ్గరగా ఆగితే అంత గొప్ప. కింద పడిందా, ఓడినట్టే. పెనం మీద జొన్నరొట్టె కాలేలోపు ఒక ఆట అయిపోయేది. పిల్లల్ని పిలవడానికి వచ్చిన తల్లులు కూర్చున్నారు. తల్లుల్ని పిలవడానికి వచ్చిన తాతలూ కూర్చున్నారు. ఆ పూట రొట్టెలు మాడిపోయాయి.

తిరకాసు ఏమిటంటే, పెంకు అంచున ఆగితే పిల్లలు గంతులేసేవాళ్లు. అవ్వ "అయ్యో, ఓడిపోతిమే" అని ఇసుక తీసేది. పెంకు కింద పడితే పిల్లలు మొహాలు వేలాడేసేవాళ్లు. అవ్వ నవ్వేది. ఒకటే బండ. ఒకటే పెంకు. వాళ్ల గెలుపు ఈమెకి ఓటమి ఎట్లా అయిందో ఎవరికీ అంతు పట్టలేదు.

ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ అప్పట్లో ఒక పాళెగాడి ఏలుబడిలో ఉండేవి. అందరూ దొర అనేవాళ్లు. ఆ దొర తల్లికి చూపు పోయింది. పాత ఇంటి నేలంతా ఎగుడుదిగుడు. రెండుసార్లు తట్టుకుని పడింది. అప్పటి నుంచి ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుంటే గానీ అడుగు వేసేది కాదు. అమ్మ తనంతట తాను తిరగాలని దొర కొత్తగా వసారా కట్టించాడు. తొమ్మిది పెద్ద బండలు పరవాలి. ఆరు బండలు వేరేవాళ్లు రుద్ది పంపారు, పరిచేశారు కూడా. మిగిలిన మూడూ సుంకులవ్వ దగ్గరున్నాయి. అవి ఎంతకీ కదల్లేదు.

పనులు చూసే తిమ్మప్ప మేస్త్రీ వచ్చాడు. వచ్చేసరికి అవ్వ పెంకు తోస్తోంది.

"ఏమవ్వా, దొర వసారా ఆగిపోయుంటే నువ్వు పెంకులాట ఆడుకుంటాండావా?"

"ఆట కాదు నాయనా."

"అయితే పనా?"

అవ్వ కాస్త ఆలోచించింది. "పనని ఎప్పుడూ అనుకోలేదు నాయనా."

"రెండూ గాకపోతే మూడోది ఏంది?"

"పెంకు పోతాదా, పోదా అని చూస్తాండా."

మేస్త్రీ తల గోక్కున్నాడు. ఏమీ తోచని మనిషికి కోపం తొందరగా వస్తుంది. "మూడు దినాలు. మూడో దినం పొద్దు గూకేలోపల మూడు బండలూ బండికెక్కాల. లేదంటే గుడిసె ఖాళీ చేసి నీ దోవ నువ్వు చూసుకో" అని వెళ్లిపోయాడు.

ఆ రోజు అవ్వ అన్నం ముట్టలేదు. ఆ గుడిసెలోకి కొత్త కోడలిగా వచ్చింది. మొగుడు అక్కడే పోయాడు. ఇంకో ఊరికి దారి కూడా ఆమెకి తెలీదు. చాలా భయమేసింది. అయినా పెంకు తోసింది. ఆగింది. ఇసుక చల్లింది.

రెండో రోజు దొరే వచ్చాడు. ముందు పిల్లల్ని అడిగాడు. "అంచున ఆగితే గెలుపు దొరా" అన్నారు. అవ్వని అడిగాడు. "ఆగితే ఓటమి దొరా" అంది. దొర ఇటు చూశాడు, అటు చూశాడు. చివరికి తనే కూర్చుని పెంకు తోశాడు. అది జారి జారి సరిగ్గా అంచున ఆగింది.

పిల్లలు దొర గెలిచాడన్నారు. పాపం దొర ఓడిపోయాడని అవ్వ ఇసుక చల్లింది. గెలిచాడో ఓడాడో తెలీక దొర బుర్ర గిర్రున తిరిగింది. ఎవర్ని కోప్పడాలో తెలీక గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి అన్నం దగ్గర తల్లికి చెప్పాడు. చెప్పే కొద్దీ చిక్కు పడింది. తల్లి విని విని, "నన్ను ఆడికి తోడుకోని పో నాయనా" అంది.

మూడో రోజు దొర తల్లిని, అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆమెని, బండిలో తెచ్చారు. చెయ్యి పట్టుకుని బండ పక్కన కూర్చోబెట్టారు. ఎద్దుల బండి పక్కనే మేస్త్రీ నిలబడి పొద్దు వైపు చూస్తున్నాడు.

"ఏది, తొయ్యి మే" అంది పెద్దమ్మ.

అవ్వ తోసింది. పెంకు సర్రున పోయి కింద పడింది.

"అంచుకి జానెడు ఇవతల పెంకు గొంతు మారింది" అంది పెద్దమ్మ.

సుంకులవ్వ చెయ్యి ఆగిపోయింది. అన్నేళ్లలో ఆ మాట ఇంకొకరి నోట వినలేదు. "నీకూ ఇనపడిందా తల్లీ?"

"ఇనడం తప్ప నాకేముంది మే. అవునుగానీ, గుడిసె పోతాదన్నా ఇడిచిపెట్టవంట. ఎందుకంత పట్టుదల?"

చూడండి, వచ్చినవాళ్లంతా ఆటా పనా, గెలుపా ఓటమా అని అడిగారు. ఎందుకు అని ఒక్కరూ అడగలేదు. అవ్వ అప్పుడు చెప్పింది.

"చూపుండేటోళ్లు కంటితో చూసి కాలేస్తారు. నువ్వు కాలితోనే చూడాల గదా తల్లీ. పెంకు యాడ తట్టుకుంటాదో నీ కాలూ ఆడనే తట్టుకుంటాది."

పెద్దమ్మ కళ్ల నుంచి నీళ్లు కారాయి. పైటతో తుడుచుకుని చెయ్యి చాపింది. "పెంకు ఇట్లియ్యి. నేనూ తోస్తా."

ఇద్దరూ చెరో కొసన కూర్చున్నారు. పెంకు కింద పడితే అవ్వ, "నువ్వే గెలిస్తివి తల్లీ" అనేది. అంచున ఆగితే పిల్లలు, "పెద్దమ్మే గెలిచింది" అనేవాళ్లు. "పడినా గెలుపేనా, ఆగినా గెలుపేనా? ఇదేం ఆట మే" అని పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. చూపు పోయాక ఆమె అట్లా నవ్వడం ఎవరూ చూడలేదు.

పొద్దు గూకింది. ఒక్క బండ కూడా బండికెక్కలేదు. మేస్త్రీ దొర దగ్గరికి వచ్చి మెల్లగా, "దొరా, గుడిసె ఖాళీ చేయించాల్నా?" అన్నాడు. దొర నవ్వుతున్న తల్లిని చూశాడు.

"నన్నడగొద్దు" అన్నాడు.

పెద్దమ్మ విననే విన్నది. "గుడిసె జోలికి పోవద్దు. పరిచిన ఆ ఆరు బండలు గూడా పీకి ఈమె ముందర పెట్టండి. వాటి మీద నా కాలు దోవ ఎతుక్కుంటాంది" అంది.

వసారా పూర్తయ్యేసరికి ఆర్నెల్లు పట్టింది. పెద్దమ్మ ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్కతే నడిచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

సుంకులవ్వ ఆ గుడిసెలోనే ఉంది, ఆ గుడిసె ముందరే కన్నుమూసింది. ఒక పొద్దున చూస్తే, కడిగి ఆరబెట్టిన బండ పక్కన ఒరిగి ఉంది. పెంకు అంచుకి జానెడు ఇవతల ఆగి ఉంది. పిడికిట్లో ఇసుక ఉంది. ఆ బండని బండికెక్కించడానికి ఊళ్లో ఎవరికీ మనసు రాలేదు. నాలుగు రాళ్ల మీదికి ఎత్తి అక్కడే ఉంచేశారు. ఇప్పుడు మీరు మోచేతులు ఆనించి కూర్చున్నది దాని మీదే.

అందుకే ఇప్పటికీ ఈ ఊళ్లో పెంకు కింద పడితే ఎవరూ ఓడారనరు, "అవ్వ గెలిచింది" అంటారు. ఆగితే "మనం గెలిచాం" అంటారు. ఆ జానెడు చోట పెంకు ఆగితే మాత్రం, గెలిచినవాళ్లు చిటికెడు ఇసుక తీసుకుని అవ్వ బదులు మూడుసార్లు రుద్దాలి. మా తాత రుద్దాడు. నేను రుద్దాను. ఆ గరుకు సగం పోయింది. ఏదో ఒకరోజు మొత్తం పోతుంది. అప్పుడిక ఆ చోట ఏ పెంకూ ఆగదు, పిల్లలెవరూ గెలవరు. అది తెలిసీ పిల్లలు గెలిచిన ప్రతిసారీ రుద్దుతూనే ఉన్నారు.

ఆ రోజు వస్తే గెలిచింది ఎవరు, ఓడింది ఎవరు? నన్నడగొద్దు. ఇసుక వంతు ఎవరిది, వాళ్లు లేవండి.