రాతిలో పాదం

ఆర్వా సీమకు కొత్త దొర వచ్చే ముందురోజు ముసలి దుఘల్ రాయి కడుగుతాడు. అది ఆయన అలవాటు. స్కాట్లండ్ ఉత్తరాన కొండల మధ్య ఉన్న ఆ సీమలో దొరతనం తండ్రి నుంచి కొడుక్కి దానంతటది రాదు. దొరవంశంలో తగినవాణ్ణి చూసి పెద్దలు ఎంచుకుంటారు. ఆ ఎంచుకున్నవాడు గుట్ట మీది బండరాతిలో చెక్కిన పాదం గుర్తులో తన కుడికాలు పెట్టి నిలబడాలి. వంశావళి చదివేవాడు అతని పూర్వుల పేర్లు పద్నాలుగూ తడుముకోకుండా చదవాలి. అప్పుడే పెద్దలు తెల్లకర్ర చేతికిస్తారు. ఒంట్లో ఏ లోపం ఉన్నా ఆ రాతిమీద కాలు పెట్టడానికి వీల్లేదు. ఒక్క పేరు తప్పిపోయినా అపశకునమని ఏడాదిపాటు అంతా ఆపేస్తారు. దుఘల్ ముగ్గురు దొరలకు పేర్లు చదివాడు. ఇప్పుడాయన గొంతు నలుగురికీ వినపడేంత పైకి లేవదు. రేపు చదవాల్సింది శిష్యుడు గిల్‌క్రిస్ట్.

ముసలాయన ఒంగి పాదం గుర్తులోని నాచు గీకుతున్నాడు. గిల్‌క్రిస్ట్ కడవతో నీళ్లు పోస్తున్నాడు. సన్నగా వాన. ఆయన తోలుజోళ్లు తడిసి ముద్దయ్యాయి, అయినా విప్పలేదు. తొమ్మిదేళ్ల శుశ్రూషలో గిల్‌క్రిస్ట్ ఆయన పాదాలు చూసింది లేదు. వాగు దాటినా జోళ్లతోనే దాటుతాడు. ఈయన్ని జోళ్లతో సహా పాతిపెట్టాలని ఊళ్లోవాళ్లు నవ్వుకుంటారు.

గిల్‌క్రిస్ట్‌కి మాత్రం నవ్వొచ్చే రోజు కాదది. రేపు రాయెక్కబోయేవాడు కొనల్. పోయిన కోతల కాలంలో ధాన్యం దాచారన్న కోపంతో ఒక కొట్టానికి బయటినుంచి గడియ పెట్టించి నిప్పంటించినవాడు. లోపల పదకొండు మంది ఉన్నారు. అందులో ఒకడు గిల్‌క్రిస్ట్ అన్న. కొనల్ వెంట ఉన్న బల్లేలను చూసి పెద్దలు నోరు మెదపలేదు, అతన్నే ఎంచుకున్నారు. రేపు ఆ చేతికి తెల్లకర్ర ఇప్పించాల్సింది తన గొంతే.

“గురువుగారూ, రేపు తొమ్మిదో పేరు నాకు గుర్తు రాకపోతే?” అన్నాడు.

దుఘల్ తలెత్తలేదు. “నీకా? నిద్రలో లేపినా చెబుతావు.”

“ఒక్క పేరే కదండీ. దాటేస్తే ఏడాది ఆగుతుంది. ఈలోగా పెద్దలకు ధైర్యం రావచ్చు, మరొకణ్ణి ఎంచుకోవచ్చు. ఇంకెవరి ప్రాణాలూ పోవు. ఇందులో తప్పేముంది?”

ముసలాయన తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. నాచు గీకుతూనే మొదలుపెట్టాడు.

యాభై ఏళ్ల కిందటి సంగతి. అప్పుడు చెరువుగట్టున మక్రా అని పడవలు చేసేవాడు ఉండేవాడు. దొరల పిల్లల్ని కన్నవాళ్ల దగ్గర పెరగనివ్వరు కదా, ఏడేళ్లు నిండగానే ఇంకో ఇంటికి పెంపకానికి పంపుతారు. అలా ఆనాటి దొర కొడుకు మక్రా ఇంట పెరిగాడు. తన ఇద్దరు కొడుకుల కన్నా ఆ పెంపుడు కొడుకంటేనే మక్రాకి ప్రాణం. పిల్లవాడికి పంతొమ్మిదేళ్లు వచ్చేసరికి దొర చనిపోయాడు. దొర తమ్ముడు ఫెర్ఖార్ ఆ దొరతనం తనకే రావాలన్నాడు. అడ్డొచ్చేవాళ్లకు కళ్లు తీయించడం ఫెర్ఖార్‌కి కొత్త కాదు. మక్రా వారం రోజులు అన్నం ముట్టలేదు. ఎనిమిదో రోజు పొద్దున పిల్లవాణ్ణి పడవల పాకలోకి పిలిచి, చెక్క కదలకుండా కాలితో తొక్కిపట్టమన్నాడు. తను పదునైన బాడిస ఎత్తాడు.

“జారింది నాయనా, జారింది” అని ఆ కాలు ఒళ్లో పెట్టుకుని గుండెలు పగిలేలా ఏడ్చాడు. పోయింది బొటనవేలు ఒక్కటే. ఇక వీడు రాయెక్కడు, వీడితో ఫెర్ఖార్‌కి పనిలేదు, వీడి కళ్లు దక్కుతాయి. అంతే ఆయన లెక్క.

గిల్‌క్రిస్ట్ చేతిలో కడవ అలాగే ఉండిపోయింది. నీళ్లు పోయడం మరిచిపోయాడు.

ఆ మధ్యాహ్నమే ముగ్గురు పెద్దలు పడవ దిగి వచ్చారట. ఆ పొద్దునే సభలో అందరూ ఏకమై ఫెర్ఖార్‌ని కాదని, ఈ పిల్లవాణ్ణి ఎంచుకున్నారు. ఫెర్ఖార్ మనుషులు కూడా ఆయుధాలు దించేశారు. పెద్దల చేతుల్లో తెల్లకర్ర ఉంది. వాళ్లు గుమ్మంలో నిలబడి రక్తం కారుతున్న కట్టు చూశారు. వచ్చిన పడవలోనే తిరిగి వెళ్లిపోయారు.

ఫెర్ఖార్ పదకొండేళ్లు ఏలాడు. అతని యుద్ధాల్లో ఏ ఊళ్లో ఎంతమంది పోయారో చెప్పడానికి ఆ ఊళ్లే మిగల్లేదు. మక్రా కొడుకులిద్దరూ మొదటి ఏడాదే పోయారు. మక్రా మళ్లీ బాడిస పట్టలేదు. చచ్చేదాకా జారిందనే చెప్పాడు.

“దుర్మార్గుడు” అన్నాడు గిల్‌క్రిస్ట్, మక్రానో ఫెర్ఖార్‌నో తనకే తెలియకుండా.

“మక్రానా? అంత మంచివాణ్ణి నేను మళ్లీ చూడలేదు.”

“అయితే ఆ కొట్టం తగలబెట్టినవాడికి నన్ను పేర్లు చదవమంటారా?” గిల్‌క్రిస్ట్ కడవ కింద పెట్టేశాడు. “మా అన్న అరుపులు నేను విన్నానండీ.”

“చదవమనీ అనను, మానమనీ అనను.”

శిష్యుడు ఆయన పక్కకొచ్చి అడిగాడు. “జారలేదని ఆ పిల్లవాడికి తెలుసా?”

దుఘల్ బండ అంచున కూర్చుని కుడిజోడు తాళ్లు విప్పాడు. తడిసిన ముడి, చాలాసేపు పట్టింది. జోడు పక్కన పెట్టి, తన చేత్తో కడిగిన పాదం గుర్తులో కాలు పెట్టాడు. మడమ కుదిరింది, నాలుగు వేళ్లూ కుదిరాయి. బొటనవేలు ఉండాల్సిన చోట వాననీళ్లు నిలిచాయి.

“ఒక్క వేలే కదా అనుకున్నాడు మా నాన్న” అన్నాడు.