దండోరాకెక్కిన జీతం

వెనకటి రోజుల్లో, కొత్తగా కొలువు ఎవరికిచ్చినా జీతంతో సహా దండోరా వేయించే రాజ్యం ఒకటుండేది. అక్కడి ఖజానా తాళాల గుట్టంతా తెలిసిన మనిషి గవరమ్మ. ఆ విద్య నేర్పిన తల్లి చేతుల్లో, తాళాలకు పూసే ఆముదం వాసన ఆమెకింకా గుర్తే. బతికినంతకాలం ఆ తాళాలు కాచినందుకు తల్లికి దక్కింది రాణివాసపు పాత చీరలే.

తల్లి పోయాక గవరమ్మను కొలువుకు పిలిచారు.

"మగవాడికైతే ముప్పై వరహాలు. ఆడదానివి, నీకు మూడు చాలు," అన్నాడు మంత్రి.

"చిత్తం దొరా. ఖజానా గుట్టు తెలిసిన మనిషి మూడు వరహాలకు పనిచేస్తోందని ఇవాళే దండోరా వేయించండి. నాలుగు ఇవ్వగల దొంగలు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు."

మంత్రి డప్పువాణ్ణి పిలిపించి, చాటాల్సిన మాట చెవిలో చెప్పాడు.

సాయంత్రం వీధిలో డప్పు మోగింది. జీతం ముప్పై వరహాలన్నారు. అమ్మ ఆముదం గిన్నె ఒడిలో పెట్టుకుని, ఆ చప్పుడు వీధి మలుపు దాటేదాకా గవరమ్మ అరుగు మీదే కూర్చుంది.