పడకల గదిలో కొత్త పెట్టె

పాత పెట్టెను గోడ మీంచి ఊడదీశాక గాని వారిజకు తెలియలేదు, కొత్త పెట్టె మాట ఎవరూ వినరని.

పాడేరు దాటి కొండ మీదికి పోయే దారిలో తారకమ్మగారి ఆశ్రమం ఉంది. నా అన్నవాళ్లు లేని ముసలమ్మలను చేర్చుకునే చోటు. పడకల గదిలో ప్రతి మంచం పక్కనా ఒక మీట ఉంటుంది. నొక్కితే వంటింట్లోనూ వరండాలోనూ గంట మోగుతుంది. వీధి తలుపు తెరుచుకున్నా మోగుతుంది. మతిమరుపుతో లోయ వైపు నడిచిపోయేవాళ్లు ఉన్నారు మరి. ఈ మీటలకూ గంటలకూ మధ్య తీగలేమీ లేవు. అన్నీ గోడకున్న ఒక తెల్ల పెట్టెతో మాట్లాడతాయి. ఆ కంట్రోలరే ఎవరు పిలిచారో చూసుకుని గంట మోగిస్తుంది.

ఆ పెట్టె ముసలిదైపోయింది. ఒకసారి విన్న పిలుపు ఇంకోసారి వినదు. మొన్న కోటమ్మవ్వ మీట నొక్కితే గంట మోగలేదు. పక్షవాతంతో ఆమెకు మాట పోయింది. ఎడమచేతి బొటనవేలొక్కటే చెప్పినట్టు వింటుంది. ఆ వేలితో నొక్కీ నొక్కీ, అలిసిపోయి, తడిసిన పక్క మీదే పడుకుంది. మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదు.

అది చూసి వారిజ మొదట ఏడ్చింది. ఆ తర్వాత ఊరుకోలేదు. ఆశ్రమానికి రాకముందు హైదరాబాదులో ఇంజినీరుగా పనిచేసిన మనిషి. ఒక భక్తుడి చేత కొత్త కంట్రోలరు తెప్పించింది. "వచ్చే నెల నుంచి పడకల గది నీది. నాకిక ఓపిక లేదు," అని తారకమ్మగారు అప్పటికే చెప్పి ఉన్నారు. గది తన చేతికి వచ్చాక ఏ పిలుపూ గాలిలో కలిసిపోకూడదని వారిజ పట్టుపట్టింది.

ఆ పట్టుదలతోనే పొద్దున్నే పాతది ఊడదీసి కొత్తది బిగించింది. దీపం వెలిగింది. వెళ్లి కోటమ్మవ్వ మీట నొక్కింది. గంట మోగలేదు. పక్క మంచం మీట నొక్కింది. అదీ అంతే.

"ముహూర్తం చూడకుండా పెట్టావేమోనే, ఇంజినీరమ్మా," అంది పక్క మంచంలోని సర్వమ్మవ్వ.

"కొత్తది కదవ్వా. వీటికింకా దానితో పరిచయం లేదు."

"పరిచయాలయ్యేలోగా నాకు అవసరం పడితే?"

"కేకెయ్యి. నీ గొంతుకు గంటెందుకు? కింద సంతలోకి కూడా వినిపిస్తుంది."

సర్వమ్మవ్వ పకపకా నవ్వింది. కోటమ్మవ్వ నవ్వలేదు. ఆమె బొటనవేలు మీట మీదే ఉంది. మెల్లగా నొక్కుతోంది, వదులుతోంది, మళ్లీ నొక్కుతోంది.

అది చూశాక వారిజకు కాలు నిలవలేదు. మీటలన్నిటి చేతా పాత పెట్టెను మరిపించి, ఒక్కొక్కదాన్నే కొత్తదానికి పరిచయం చెయ్యాలి. మంచాల దగ్గరివి సులువే. గంటలు మాత్రం కోతులు పీకేస్తున్నాయని గోడ లోపల పెట్టి, చిన్న కన్నాలు వదిలి సున్నం పూసేశారు. తలుపు దగ్గరిదీ అంతే. పోయి నిచ్చెనా ఉలీ సుత్తీ తెచ్చుకుంది. పాత పెట్టెను ఒళ్లో పెట్టుకుని, దాని వెనకనున్న సన్నటి రంధ్రం కోసం వేలితో తడిమింది. అందులో పిన్నీసు గుచ్చి కాసేపు నొక్కి పట్టుకుంటే పెట్టె సమస్తం మరచిపోతుంది.

గంటలు మోగడం లేదని అమ్మగారు పొద్దుటి నుంచీ కోటమ్మవ్వ మంచం పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ నిచ్చెన వంక చూశారు.

"గోడలు కొడతావా?"

"కొడతానమ్మా. సాయంత్రానికి అన్నిటినీ మళ్లీ మొదటి నుంచి కలుపుతాను. ముందు ఈ పాతదాన్ని తుడిచేస్తాను. దీని పేరే ఎక్కడా మిగలకూడదు."

"మిగిలితే ఏమవుతుంది?"

"అన్నీ దాన్నే వెతుక్కుంటున్నాయమ్మా. కొత్తది దీనికంటే ఎన్నో రెట్లు గట్టిది. ఇవే, మొండివి, దాని మాట వినవు."

అమ్మగారు పీట మీంచి లేచారు.

"ఆ పిన్నీసు కిటికీలో పెట్టిరా. కోటమ్మకు జావ వేళైంది. ఇవాళ నువ్వు పట్టు."

వారిజ వెనకాడింది. కోటమ్మవ్వ అమ్మగారి చేత్తో తప్ప తినదు. గొంతులో అడ్డం పడుతుందని భయం ఆమెకు. అయినా పిన్నీసు కిటికీలో పెట్టి, చేతులు కడుక్కుని, జావ గిన్నెతో పీట మీద కూర్చుంది. అన్నీ తెలిసిన పనులే. తల కింద ఇంకో దిండు పెట్టింది. జావ చుక్క మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకుంది. చెంచాలో సగమే తీసుకుని పెదవుల దాకా తెచ్చింది.

పెదవులు తెరుచుకోలేదు.

"రాగి జావే అవ్వా. రోజూ తాగేదే. ఉప్పు కూడా అంతే వేశాను."

కోటమ్మవ్వ మొహం తిప్పేసుకుంది. జావ గడ్డం మీదుగా కారింది. వారిజ తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ కారింది. కోటమ్మవ్వ కళ్లు గదంతా తిరిగి, గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మగారి మీద ఆగాయి.

మొండిది అనబోయి వారిజ ఆగిపోయింది.

అమ్మగారు వచ్చి మంచం అంచున కూర్చున్నారు. వారిజ చేతిలోంచి చెంచా తీసుకోలేదు. చెంచా పట్టుకున్న ఆ చేతి మీద తన చెయ్యి వేశారు, అంతే. రెండు చేతులూ కలిసి గిన్నెలోకి దిగాయి, కలిసి పైకి లేచాయి.

"ఆఁ, బంగారూ," అన్నారు అమ్మగారు, రోజూ అనేలాగే.

కోటమ్మవ్వ ఆవిడ మొహం చూసింది. ఆవిడ చెయ్యి చూసింది. దాని కింద ఉన్న చేతిని చూసింది. నోరు తెరిచింది.

కొన్ని చెంచాలు అలా గడిచాయి. తర్వాత అమ్మగారి చెయ్యి వారిజ మణికట్టు దగ్గరికి జరిగింది. ఇంకాసేపటికి ఒక్క వేలే ఆనుకుని ఉంది. ఆ తర్వాత ఆ వేలూ లేదు. అమ్మగారి చేతులు ఆవిడ ఒళ్లో ఉన్నాయి.

"నువ్వు పిలువు," అన్నారు మెల్లగా.

"ఆఁ, బంగారూ," అంది వారిజ.

కోటమ్మవ్వ ఒక క్షణం ఆగి నోరు తెరిచింది.

గిన్నె ఖాళీ అయ్యాక వారిజ అవ్వ మూతి తుడిచి, గిన్నె కడిగి బోర్లించి, కిటికీ దగ్గరికి వెళ్లింది. పిన్నీసు తీసి చీర కొంగుకు పెట్టేసుకుంది. నిచ్చెన ఎత్తుకుని బయట ఆనించి వచ్చింది.

తర్వాత పాత పెట్టెను కొత్తదాని పక్కనే తగిలించి, కరెంటు తీగ కలిపింది. అది దగ్గినట్టు రెండుసార్లు మిణుకుమని వెలిగింది. కొత్త పెట్టె వాడే తీరు చెప్పే కాగితాల్లో పొద్దున్న అక్కర్లేదని దాటేసిన పేజీలన్నీ ఫోనులో మళ్లీ తెరిచి, ఈసారి ఒక్క అక్షరం వదలకుండా చదివింది. చిట్టచివర దొరికింది: బదిలీ. పాతది బతికుండగానే తన పేరునూ, తన వాళ్లందరి గుర్తులనూ కొత్తదానికి అప్పగించాలి. అప్పుడు మీటలకు ఏమీ కొత్తగా నేర్పక్కర్లేదు. వాటికి తెలిసిన పేరే కొత్త పెట్టెలోంచి పలుకుతుంది.

మొదలుపెట్టింది. సగంలో పాతది ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగిపోయింది. వారిజ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నిదానంగా కానియ్యి ముసలమ్మా. నాకేం తొందర లేదు," అంది.

"నన్నేనా?" అంది సర్వమ్మవ్వ.

"కాదవ్వా, పెట్టెను."

"పెట్టెలకున్న మర్యాద మనుషులకు లేదే తల్లీ!"

వారిజ నవ్వింది గాని చూపు తిప్పలేదు. అది ఆగినప్పుడల్లా విసుక్కోకుండా మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎండ కిటికీ దాటి మంచాల కిందికి పాకే వేళకు బదిలీ పూర్తయింది.

"అయిపోయిందా?" అన్నారు అమ్మగారు.

"ఒక్కటుందమ్మా. ఇక పాతదాన్ని ఆపెయ్యాలి. రెండూ ఒకే పేరుతో మేలుకుని ఉంటే, ఎవరికి బదులు చెప్పాలో తెలియక ఇవన్నీ తికమకపడతాయి."

"మరి ఆపెయ్యి."

వారిజ చెయ్యి తీగ మీద ఒక క్షణం నిలిచింది. తర్వాత లాగేసింది. పాత దీపం ఆరింది.

మంచం మంచానికీ వెళ్లి మీట నొక్కింది. నొక్కినప్పుడల్లా గంట మోగింది. వీధి తలుపు తీసింది, మోగింది. ఒకదాన్ని కూడా నమ్మి వదిలిపెట్టకుండా, అన్నీ అయ్యాక మళ్లీ మొదటి నుంచి నొక్కి చూసింది. అప్పుడు గాని వరండాలోకి వచ్చి కూలబడలేదు. అక్కడ అమ్మగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతున్నారు.

కాసేపటికి గంట మోగింది. కోటమ్మవ్వ మంచమని ఫోనులో కనిపించింది. వారిజ అలవాటుగా అమ్మగారి వైపు చూసింది.

అమ్మగారు రాయి ఏరి పక్కన పడేశారు.

గంట మళ్లీ మోగింది. వారిజ ఇంకా అటే చూస్తోంది.

"పాతది ఆపేశానన్నావు," అన్నారు అమ్మగారు, చేటలోంచి తలెత్తకుండా. "మరి ఇటు చూస్తావేం?"

గంట మూడోసారి మోగేలోపు వారిజ మంచం దగ్గర ఉంది.