యోవాషు భయం

జీవరత్నానికి ఆదివారం ప్రసంగం మధ్యలో భయం పట్టుకుంది.

ఆ రోజు అతను ఎంచుకున్నది యోవాషు రాజు కథ. పసివాడిగా ఉన్నప్పుడు సొంత నాయనమ్మే చంపించబోతే, యెహోయాదా అనే యాజకుడూ అతని భార్యా ఆ బిడ్డను దేవుని మందిరంలో దాచి పెంచారు. ఏడేళ్ళకే కిరీటం పెట్టి సింహాసనం ఎక్కించారు. యెహోయాదా ఉన్నన్నాళ్ళూ యోవాషంత భక్తిపరుడు లేడు. పాడుబడ్డ మందిరాన్ని దగ్గరుండి బాగుచేయించాడు కూడా. ముసలాయన కన్నుమూశాడో లేదో, నలుగురు పెద్దమనుషులు వచ్చి దండాలు పెట్టారు, రాజుగారు దేవుణ్ణి వదిలేసి వాళ్ళ వెంట పోయారు. ఇది తప్పని చెప్పడానికి వచ్చిన యెహోయాదా కొడుకుని ఆ మందిరం ఆవరణలోనే రాళ్ళతో కొట్టించి చంపించాడు.

"ఇంతటి నమ్మకద్రోహం ఎక్కడైనా ఉందా?" అని జీవరత్నం బల్ల గుద్ది అడిగాడు. లేదన్నట్టు సంఘమంతా తలలూపింది. అప్పుడే అతని చూపు ముందు వరసలో కూర్చున్న కృపావరం అయ్యగారి మీద పడింది. నోట్లో మాట తడబడింది. ప్రసంగం ఎలా ముగించాడో అతనికే తెలియదు.

కృపావరం అయ్యగారు గోదావరి లంకలో ఆ చిన్న సంఘానికి కాపరి. జీవరత్నం ఆయన దగ్గరే వాక్యం నేర్చుకున్నాడు, ఆయన ఇంట్లోనే తిన్నాడు. అంతకుముందు అతనికి వాక్యం సంగతి తెలియదు గానీ సారా సంగతి బాగా తెలుసు. మర్నాడు పొద్దున్నే అతన్ని ఏటి అవతలి సంఘానికి కాపరిగా పంపుతున్నారు. పడవ కూడా మాట్లాడేశారు.

భోజనాలయ్యాక జీవరత్నం మెల్లగా అయ్యగారి దగ్గరికి చేరాడు.

"అయ్యగారూ, నేను వెళ్ళనండి. ఇక్కడే మీ కాళ్ళ దగ్గర పడుంటాను."

"ఇప్పుడేమొచ్చింది?"

"నేనూ యోవాషులాంటోణ్ణేనండి. మీరుండబట్టి ఇలా ఉన్నాను. అవతలొడ్డున నన్ను కనిపెట్టుకునుండేవాళ్ళెవరు? మళ్ళీ పాత దారి పడితేనో?"

అయ్యగారు కాదనలేదు, ధైర్యమూ చెప్పలేదు. జీవరత్నానికి అది కాస్త కష్టంగానే తోచింది. ఆయన లోపలికి వెళ్ళి చాప పరిచారు.

"ప్రార్థన చేసుకుందాం రా. నువ్వే చెయ్యి."

ప్రార్థనంటే జీవరత్నానికి కొట్టిన పిండి. అయ్యగారి పక్కన మోకరిస్తే చాలు, మాటలు వాటంతటవే వరస కట్టేవి. అతను ఒక్కో మాట అంటుంటే ఆయన పక్కనుంచి "అవును తండ్రీ" అని ఊతమిస్తారు. ఆ మాట చెవిన పడగానే ఇతనికి ఇంకో మాట దొరుకుతుంది. ఆ వేళా బాగానే ఎత్తుకున్నాడు. "మహోన్నతుడా, కరుణామయుడా" అంటూ గొంతు పెంచాడు. అవును తండ్రీ అని వినిపించలేదు. అయ్యగారికి నచ్చలేదేమోనని ఇంకా పెద్ద పెద్ద మాటలు వేశాడు. అయినా చప్పుడు లేదు. ముసలాయన కునుకు తీశారా ఏమిటని ఒక కన్ను తెరిచి చూశాడు. పక్కన ఎవరూ లేరు.

ప్రార్థన అక్కడే ఆగిపోయింది. బయటికి వచ్చి చూస్తే, అయ్యగారు పెరట్లో బీరపాదుకు పందిరి కడుతున్నారు.

"అయిపోయిందా?" అన్నారు.

"లేదండి. మీరు లేచొచ్చేశారు కదా."

"నేను లేచొస్తే నువ్వెందుకు ఆపావు?"

జీవరత్నం నసిగాడు. "వినేవాళ్ళు లేరు కదండీ."

అయ్యగారు చేతిలో తాడు అలాగే పట్టుకుని అతని వంక చూశారు.

"నాతో మాట్లాడుతున్నావని నాకు తెలీదబ్బాయ్."

జీవరత్నం మొహం కందిపోయింది. కోపం కూడా వచ్చింది. గురువు మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ చూపించాలో తెలియక మళ్ళీ లోపలికే పోయాడు.

చాప మీద మోకరిస్తే మాట రాలేదు. మహోన్నతుడా అనబోతే నాలుక తిరగలేదు. వీధిలో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. చివరికి, పక్కన మనిషున్నా వినపడనంత చిన్నగా, "తండ్రీ, నాకు భయంగా ఉంది" అన్నాడు. సారా మీదికి మనసు ఇప్పటికీ అప్పుడప్పుడూ లాగుతోందని చెప్పాడు. ఆ సంగతి అయ్యగారికి కూడా ఎన్నడూ చెప్పలేదు. చెప్పేసరికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆమేన్ కూడా తనే అనుకున్నాడు. లేచేటప్పటికి గుండె తేలిగ్గా ఉంది.

బయటికి వచ్చేసరికి పందిరి కట్టడం అయిపోయింది. అయ్యగారు అరుగు మీద కూర్చుని చేతులకంటిన పీచు దులుపుకుంటున్నారు. అతని కళ్ళు చూసి కూడా ఏమీ అడగలేదు.

"పొద్దున్నే పడవెక్కుతానండి," అన్నాడు జీవరత్నం.

"ఎక్కు."

జీవరత్నం అడిగాడు. "అంత దగ్గర పెట్టుకుని పెంచితే కూడా, యోవాషు ఎందుకలా అయిపోయాడంటారు అయ్యగారూ?"

కన్నకొడుకులా చూసుకున్నవాణ్ణి ఏరు దాటించడం ముసలాయనకూ తేలిక కాదు.

"యెహోయాదా నూరేళ్ళు దాటి బతికాడు నాయనా," అన్నారు. "ఒక్కసారైనా ఆ పిల్లాడి పక్కనుంచి లేచి వెళ్ళాల్సింది."